పొలం నిర్ణయాల్లో ఏఐ సాయం: ఒక టమాటా పంటతో నా అనుభవం

టమాటా పండించేవాళ్లకు ఆలోచించుకునే టైం తక్కువ. నారు నాటిన దగ్గర్నుంచి చివరి కోత దాకా రోజూ ఏదో ఒకటి తేల్చాల్సిందే. ఇవాళ నీళ్లు వదలాలా, రేపటి దాకా ఆగొచ్చా? ఆ మచ్చకు మందు కొట్టాలా, కింది ఆకులు తుంచేస్తే సరిపోతుందా? వాన వచ్చేలా ఉంది, ఎరువు ఇప్పుడిస్తే కొట్టుకుపోతుందా? విడివిడిగా చూస్తే ఇవన్నీ చిన్నవే. ఒకే వారంలో వచ్చి మీద పడ్డప్పుడు టెన్షన్ మొదలవుతుంది. ఆ టెన్షన్‌లో చాలామంది చేసేది ఒకటే: అవసరం ఉందో లేదో తేలకముందే ఏదో ఒక మందు కొట్టేయడం.

అలా కాకుండా పంట మొత్తాన్ని కాస్త నిదానంగా, కారణం తెలుసుకుని నడపాలనుకున్నాను. అందుకే మొదటి రోజు నుంచీ ఏఐని పక్కన పెట్టుకున్నాను. ఫోటో చూసి తెగులు పేరు చెప్పే యాప్ ఒకటి, ఏది అడిగినా జవాబిచ్చే చాట్‌బాట్ ఒకటి, ఉపగ్రహ చిత్రాల్లో పొలం చూపించే మ్యాప్ ఒకటి. పొలంలో పని నాదీ తమ్ముడిదీ. అమ్మ రోజూ ఒకసారి సాళ్ల మధ్య తిరిగి వస్తుంది, ఆమె కళ్లు పడని చోటు ఉండదు.

యాప్‌లు పెట్టుకోవడం కంటే ముందు చేసిన పని ఒకటుంది, ఈ అనుభవంలో అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది అదే. ఒక నోటుబుక్కులో మూడు గళ్లు గీశాను. మొదటి గడిలో తేల్చాల్సిన విషయం. రెండో గడిలో అది ఎప్పటిలోగా తేలాలి. మూడో గడిలో, ఏం తెలిస్తే నా నిర్ణయం మారుతుంది. ఈ మూడో గడి నింపడం కష్టం. ‘మచ్చ పేరేమిటి’ అని ఊరికే తెలుసుకోవడం వేరు, ‘ఇది శిలీంధ్రమైతే ఒక మందు, బ్యాక్టీరియా అయితే ఇంకో మందు, పోషక లోపమైతే ఏ మందూ వద్దు’ అని ముందే రాసుకోవడం వేరు. పేరు తెలిసినా నేను చేసే పని మారకపోతే, ఆ ప్రశ్న ఏఐని అడగడంలో లాభం లేదు.

ఫోటోలతో మొదలుపెట్టాం. నాటిన కొన్నాళ్లకు కింది ఆకుల మీద గోధుమరంగు మచ్చలు కనిపించాయి. తమ్ముడు ఫోటో తీసి యాప్‌లో పెట్టాడు. పొద్దున తీసిన ఫోటోకి ఒక తెగులు పేరు వచ్చింది. ఎండెక్కాక అదే ఆకుకి ఇంకో పేరు. రెండుసార్లూ యాప్ గట్టి నమ్మకంతోనే చెప్పింది. ‘అక్కా, ఇందులో ఏది నమ్మాలి?’ అన్నాడు. నమ్మడం, నమ్మకపోవడం పక్కన పెట్టి, ఎందుకిలా జరుగుతుందో చదివాను.

2016లో మొహంతి, హ్యూస్, సలాథే అనే ముగ్గురు పరిశోధకులు ప్లాంట్‌విలేజ్ అనే ఫోటోల సేకరణతో ఒక ఏఐ మోడల్‌కు తెగుళ్లను గుర్తించడం నేర్పారు. 54,306 ఫోటోలు, 14 పంటలు, 26 తెగుళ్లు. అదే సేకరణలోంచి పక్కన పెట్టిన ఫోటోలు చూపిస్తే మోడల్ 99.35 శాతం సరిగ్గా చెప్పింది. వేరే పరిస్థితుల్లో తీసిన ఫోటోలు చూపిస్తే 31 శాతం దగ్గరికి పడిపోయింది. ఈ సంగతి వాళ్లే తమ పేపర్‌లో రాశారు. ఆ సేకరణలో ఆకులన్నీ మొక్క నుంచి కోసి, సాదా నేపథ్యం మీద ఒక్కొక్కటిగా పెట్టి తీసినవి. 2022లో ఇంకొకరు అదే సేకరణ మీద ఒక పరీక్ష చేశారు. ఆకును అసలు చూపించకుండా, ఫోటో నేపథ్యంలోని 8 పిక్సెళ్లు మాత్రమే ఇచ్చి మోడల్‌కు నేర్పితే, అది 49 శాతం సరిగ్గా చెప్పింది. గుడ్డిగా ఊహిస్తే వచ్చేది 2.6 శాతమే. అంటే మోడల్ తెగులుతో పాటు ఫోటో ఎక్కడ, ఎలా తీశారన్నదాన్ని కూడా నేర్చేసుకుంటోంది. నా ఫోన్‌లోని యాప్ దేనితో నేర్చుకుందో నాకు తెలిసే దారి లేదు. కానీ పొలంలో నీడలు, మట్టి, పక్క ఆకులు, దుమ్ము అన్నీ కలిసిన ఫోటోకి అది తడబడటానికి కారణం మాత్రం అర్థమైంది.

అప్పటి నుంచి ఫోటో తీసే పద్ధతి మార్చాం. ఒక్క ఆకు ఫోటో తీసి వదిలేయకుండా మొక్క మొత్తం, ఆకు పైభాగం, ఆకు అడుగుభాగం, మచ్చ దగ్గరగా, కాండం, కాయ ఉంటే కాయ. ఎండ నేరుగా పడకుండా మన నీడలో తీయాలి. ఫోటోలతో పాటు నాలుగు మాటలు రాయాలి: కింది ఆకుల్లో మొదలైందా, పై చిగుళ్లలోనా, పొలమంతా ఉందా, ఒక మూలేనా, ఎన్నాళ్లుగా ఉంది, ఈ మధ్య వాన పడిందా, ఏ మందు కొట్టాం. ఏ అనుభవజ్ఞుడైనా పొలానికి వస్తే ముందు అడిగేవి ఇవేగా. ఏఐకి పొలం కనపడదు కాబట్టి ఇవన్నీ మనమే చెప్పాలి.

అడిగే తీరు కూడా మార్చాం. చాట్‌బాట్‌ని ‘ఇది ఆకుమాడు తెగులే కదా?’ అని అడిగితే దాదాపు ఎప్పుడూ అవునంటుంది. మన ప్రశ్నలోనే జవాబు ఉంటే అది దాని వెంటే వస్తుంది. అందుకని ఇలా అడగడం మొదలుపెట్టాను: ‘ఈ లక్షణాలకు కారణం కాగల మూడు చెప్పు. ఒకదాన్నుంచి ఇంకోదాన్ని వేరు చేయడానికి నేను పొలంలో ఏం చూడాలి?’ జవాబు స్వభావమే మారిపోయింది. ఆకుమాడు తెగులైతే మచ్చలో ఒకదానిలో ఒకటిగా గుండ్రటి వలయాలుంటాయని, చుట్టూ పసుపు అంచు ఉంటుందని, ముదురు ఆకుల్లో మొదలవుతుందని చెప్పింది. సెప్టోరియా అనే ఇంకో ఆకుమచ్చ తెగులైతే మచ్చలు చిన్నవి, మధ్యలో బూడిదరంగు, దానిలో భూతద్దంతో చూస్తే నల్లటి చుక్కలు. బ్యాక్టీరియా మచ్చ అయితే చిన్నగా, నూనె అంటినట్టు తడిగా కనిపిస్తుంది, వలయాలుండవు. ఇది చేతిలో పట్టుకుని, చిన్న భూతద్దం జేబులో వేసుకుని వెళ్లాం. ఎక్కువ మొక్కల్లో వలయాలు స్పష్టంగా కనిపించాయి. గట్టు పక్కన నీళ్లు నిలిచే చోట మాత్రం తడి మచ్చలు, వలయాలు లేవు. ఒకే పొలంలో రెండు సమస్యలు. శిలీంధ్రనాశిని బ్యాక్టీరియా మీద పని చేయదు కాబట్టి ఆ మూలకు వేరే ఆలోచన చేశాం.

ఏఐ వల్ల నాకు ఎక్కువ మేలు జరిగింది ఇక్కడే. జవాబు చెప్పడంలో కంటే, ఎక్కడ చూడాలో ఏం చూడాలో చెప్పడంలో అది మెరుగ్గా ఉంది.

దీనికి ఇంకా మంచి ఉదాహరణ మొక్కలు వడలిపోయినప్పుడు వచ్చింది. పూత బాగా ఉన్న సమయంలో ఇంకో మూల ఒక సాలులో అక్కడక్కడా మొక్కలు పచ్చగా ఉండగానే వేలాడిపోయాయి. సాయంత్రం కాస్త తేరుకున్నట్టు కనిపించి, మర్నాడు మళ్లీ వాలిపోయాయి. ఫోటో యాప్ నీళ్లు తక్కువయ్యాయంది. తడి ఉందని నాకు తెలుసు, అంతకుముందు రోజే వేళ్ల దగ్గర మట్టి పట్టి చూశాం. మూడో గడిలో రాసుకున్నాను: నీటి కొరతైతే నీళ్లు, ఫ్యుజేరియం అనే శిలీంధ్రమైతే ఒక దారి, బ్యాక్టీరియా ఎండు తెగులైతే ఏ మందూ పని చేయదు, మొక్క పీకేయాలి, నీరు ఆ మొక్కల మీదుగా పారకుండా చూడాలి. మూడు దారులూ వేరు, పైగా ఒకదానికి ఇంకొకటి వ్యతిరేకం. బ్యాక్టీరియా ఉన్నచోట ఎక్కువ నీళ్లు పెడితే అది నీటితో పాటు పాకుతుంది.

చాట్‌బాట్‌ని వేరు చేసే మార్గం అడిగితే గ్లాసు నీళ్ల పరీక్ష చెప్పింది. ఇది దాని సొంత ఆలోచన కాదు, మొక్కల వైద్యులు ఎన్నో ఏళ్లుగా చేస్తున్నదే. వాడిన మొక్క మొదలు దగ్గర కాండం కోసి, ఆ ముక్కను కదలని శుభ్రమైన నీళ్లున్న గాజు గ్లాసులో వేలాడదీయాలి. రాల్‌స్టోనియా అనే బ్యాక్టీరియా ఉంటే కొద్ది నిమిషాల్లో కోసిన చోటి నుంచి తెల్లగా, పాలధారలాంటి సన్నటి తీగలు కిందికి దిగుతాయి. ఫ్యుజేరియం అయితే అలా దిగవు. ఆకులు కూడా ముందు పసుపెక్కుతాయి, చాలాసార్లు మొక్కకు ఒక పక్కే. తమ్ముడు కాండం కోసి గ్లాసులో పెట్టాడు. అమ్మ, నేను వంగి చూస్తూ నిలబడ్డాం. తెల్లటి తీగలు దిగాయి.

బాధగానే ఉంది, కానీ తేలిపోయింది. ఆ మొక్కల్ని వేళ్లతో సహా మట్టి రాలకుండా సంచిలో వేసి పొలం బయటికి తీశాం. ఆ సాలు పని చివర్లో పెట్టుకున్నాం, కత్తులు కడిగాం. వేళ్లకు పోద్దామనుకున్న శిలీంధ్రనాశిని పోయలేదు. ఆ మందు పోసి ఉంటే ఖర్చు వృథా, బ్యాక్టీరియా మాత్రం పక్క మొక్కలకు పాకేది. పీకిన మొక్కల వేళ్లకు చిన్న చిన్న బుడిపెలున్నాయని అమ్మ చూపించింది. ఆ సంగతి చివర్లో చెప్తాను.

నీళ్ల దగ్గరికి వద్దాం. ఏఐ గురించి మాట్లాడేవాళ్లు తెగుళ్ల గురించే ఎక్కువ చెప్తారు గానీ, రోజూ చేసే నిర్ణయం నీళ్లే. ఇక్కడ లెక్క గట్టిగా ఉంది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఎఫ్‌ఏఓ 1998లో తన 56వ నీటిపారుదల పత్రంలో ఒక పద్ధతి ఇచ్చింది. ఎండ, ఉష్ణోగ్రత, గాలి వేగం, గాలిలో తేమ చూసి, పచ్చిక పరుచుకున్న నేల నుంచి రోజుకు ఎన్ని మిల్లీమీటర్ల నీరు ఆవిరవుతుందో ముందు లెక్కగడతారు. దాన్ని పంట గుణకంతో హెచ్చిస్తే మన పంటకు కావలసిన నీరు వస్తుంది. టమాటాకు ఈ గుణకం మొదట్లో 0.6, పూత కాత దశలో 1.15, చివర్లో 0.7 నుంచి 0.9.

రోజుకు 5 మిల్లీమీటర్లు ఆవిరయ్యే వాతావరణం అనుకుందాం. లేత మొక్కలకు 3 మిల్లీమీటర్లు చాలు, కాత మీదున్న పంటకు 5.75 కావాలి. ఎకరం మీద ఒక మిల్లీమీటరు అంటే 4,047 లీటర్లు. అంటే మొదట్లో ఎకరానికి రోజుకు 12 వేల లీటర్లు, కాత దశలో 23 వేలకు పైనే. అలవాటు కొద్దీ అన్నిరోజులూ ఒకే గంట మోటారు వేస్తే మొదట్లో ఎక్కువ, తర్వాత తక్కువ అవుతుందని ఈ అంకెలే చెప్తున్నాయి.

ఈ లెక్క చాట్‌బాట్‌తో చేయించాను. సూత్రం బాగా చెప్తుంది, వాతావరణ అంకెలు పట్టికలా ఇస్తే రోజువారీ లెక్క కట్టి ఇస్తుంది. కానీ ఒకసారి ఎకరం బదులు హెక్టారుకు లెక్కగట్టి లీటర్లు చెప్పింది. అంకె చూడగానే మరీ ఎక్కువనిపించి నోటుబుక్కులో వేసి చూస్తే బయటపడింది. అప్పటి నుంచి ‘ఒక్కో మెట్టూ విడిగా చూపించు, కొలమానం ప్రతి వరుసలో రాయి’ అని అడుగుతున్నాను. మెట్లు కనిపిస్తే మనకు సరిచూసుకోవడం తేలిక.

గుణకం విషయంలో ఇంకో చిక్కుంది. పత్రంలో దశలు రోజుల లెక్కన ఉంటాయి. మా మొక్కలు చలి వల్ల వెనకబడ్డాయి, తేదీ ప్రకారం చూస్తే ఎదిగి ఉండాల్సినంత ఎదగలేదు. అందుకని నేలలో ఎంత భాగం ఆకులతో కప్పుకుందో ఫోటోలతో చూసి గుణకాన్ని కాస్త తగ్గించుకున్నాం. దీనికి తోడు అమ్మ పరీక్ష ఎలాగూ ఉంది. వేళ్లున్న లోతు నుంచి మట్టి తీసి గుప్పిట్లో నొక్కుతుంది, ముద్ద కట్టి వేలితో తాకితే విరిగితే పదును సరిగ్గా ఉన్నట్టు. లెక్కా గుప్పిడీ ఒకటే చెప్తే మోటారు వేస్తాం. రెండూ కలవనప్పుడు గుప్పిడి మాటే విని, లెక్క ఎక్కడ తప్పిందో వెతుకుతాం. చాలాసార్లు కారణం వానే. పడ్డ వానంతా వేళ్లకు అందదు, కొంత పారిపోతుంది, లెక్కలో మాత్రం మొత్తం జమ అవుతుంది.

నీళ్ల చిట్టా రాయడం వల్ల ఇంకో సమస్య కూడా తేలింది. కొన్ని కాయలు అడుగున నల్లబడి, లోపలికి కుంగిపోయాయి. బ్లాసమ్ ఎండ్ రాట్ అంటారు దీన్ని. ఫోటో ఒక్కటే చూపిస్తే ఏఐ ‘కాల్షియం లోపం, కాల్షియం కొట్టండి’ అంది. అది తప్పు కాదు, కానీ సగమే. అంతకుముందు మోటారు పాడై కొన్నిరోజులు నీళ్లు తగ్గాయి, బాగయ్యాక ఒకేసారి ఎక్కువ వదిలాం. ఆ నీళ్ల చిట్టా కూడా పెట్టి మళ్లీ అడిగితే అసలు విషయం చెప్పింది. కాల్షియం మొక్కలో నీటితో పాటే నడుస్తుంది. నీరు ఎక్కువగా ఆవిరయ్యే ఆకులకే ఎక్కువ చేరుతుంది, కాయకు తక్కువ. నీరు ఒకరోజు ఎండి ఒకరోజు ముంచితే కాయ చివరికి కాల్షియం అందదు, నేలలో సరిపడా ఉన్నా సరే. మేం మందు కొనలేదు. అంతే నీటిని రోజూ కొద్దికొద్దిగా ఇచ్చాం, మొదళ్ల దగ్గర గడ్డి పరిచాం, పాడైన కాయలు తెంపేశాం. తర్వాత కట్టిన కాయలు శుభ్రంగా వచ్చాయి.

ఉపగ్రహ మ్యాప్ మీద చాలా ఆశ పెట్టుకుంటారు, దాని హద్దులు చెప్తాను. నేను చూసింది ఐరోపా అంతరిక్ష సంస్థ సెంటినెల్-2 చిత్రాలు. ఈ వరుసలో మొదటి ఉపగ్రహం 2015లో వెళ్లింది. రెండు ఉపగ్రహాలు కలిసి సుమారు 5 రోజులకోసారి ఒకే చోటిని చూస్తాయి. చిత్రంలో ఒక్కో గడి పొడవూ వెడల్పూ 10 మీటర్లు, అంటే ఎకరం మొత్తం 40 గళ్లు. గట్టు పక్క గళ్లలో చెట్లూ దారీ కలిసిపోతాయి. మబ్బుంటే ఏమీ కనపడదు, మనకు సమాచారం అవసరమయ్యే రోజుల్లోనే మబ్బు ఎక్కువ. మొక్కలు చిన్నగా ఉన్నప్పుడు కనిపించేది ఎక్కువగా మట్టే. పైరు దట్టంగా అల్లుకున్నాక ఎన్‌డీవీఐ అనే పచ్చదనం సూచిక ఇక పెరగదు, తేడాలు చూపించదు.

మధ్యలో ఉన్న కొన్ని వారాలు మాత్రం బాగా పనికొచ్చింది. పొలం చివర ఒక పట్టీ మిగతా దానికంటే వెలిసిపోయినట్టు కనిపించింది. కళ్లతో చూస్తే తేడా తెలియనంత తక్కువ. వెళ్లి డ్రిప్పర్ల కింద గిన్నెలు పెట్టి ఒకే సమయం పట్టి కొలిచాం. పైపు చివరి డ్రిప్పర్లలో నీరు తక్కువ పడుతోంది. చివరి మూతలు తీసి పైపులు కడిగితే మురికి బయటికొచ్చింది. ఉపగ్రహం కారణం చెప్పలేదు, చెప్పడం దాని వల్ల కాదు కూడా. నలభై గళ్లలో ఏ గడికి ముందు వెళ్లాలో చెప్పింది, అది చాలు.

వాతావరణ సూచనల్లో కూడా ఇప్పుడు ఏఐ వచ్చేసింది. గూగుల్ డీప్‌మైండ్ సంస్థ తయారుచేసిన గ్రాఫ్‌కాస్ట్ అనే వాతావరణ మోడల్ 2023లో వచ్చింది. ఐరోపా మధ్యశ్రేణి వాతావరణ కేంద్రం తన ఏఐ మోడల్‌ను 2025 ఫిబ్రవరి నుంచి రోజువారీ సూచనల్లో వాడుతోంది. గ్రాఫ్‌కాస్ట్ సూచనలో ఒక్కో గడి సుమారు 28 కిలోమీటర్లు. అంత పెద్ద గడిలో ఒక మూల ఉరుములతో వాన పడి, ఇంకో మూల ఎండ కాయొచ్చు. అందుకే ‘రేపు వాన’ అన్నదాన్ని బట్టి ఎరువు ఆపడమో ఇవ్వడమో చేయలేదు. వారం పొడవునా గాలి ఎటు తిరుగుతుంది, తేమ పెరుగుతుందా తగ్గుతుందా అన్నదానికే వాడాను.

తేమ లెక్క లేట్ బ్లైట్‌కి అవసరమైంది. ఆలుగడ్డనీ టమాటానీ ఒకే జీవి పట్టి కొద్ది రోజుల్లోనే పంటను మాడ్చేసే తెగులది. దీనికి 2017లో స్కాట్లాండ్‌లోని జేమ్స్ హట్టన్ సంస్థ పరిశోధనతో ఆలుగడ్డ కోసం ఒక కొలత వచ్చింది: వరుసగా రెండు రోజులు కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీల కంటే తగ్గకుండా, రోజుకు కనీసం 6 గంటలు గాలిలో తేమ 90 శాతం గానీ ఆ పైన గానీ ఉంటే ప్రమాదం. అంతకుముందు 1956 నాటి కొలతలో రోజుకు 11 గంటలు కావాలి. తెగులు మారిన కొద్దీ కొలత కూడా మార్చారన్నమాట. గంటల వారీ సూచన పట్టికను చాట్‌బాట్‌కి ఇచ్చి ఏ రోజులు ఈ కొలతకు తగులుతాయో లెక్కపెట్టమన్నాను. ఇలాంటి ఓపిక పని అది చక్కగా చేస్తుంది. పైరు మధ్యలో వేలాడదీసిన తేమ మీటరు అంకె కూడా చూసుకునేవాళ్లం, ఎందుకంటే ఆకుల మధ్య తేమ బయటికంటే ఎక్కువ. రెండూ ప్రమాదం చూపించినప్పుడు ముందు జాగ్రత్త మందు కొట్టాం, పొద్దున్నే ఆకు అడుగున తెల్లటి బూజు ఉందేమోనని వెతికాం. సూచన మాత్రమే చూపించి మీటరు ఒప్పుకోని రోజుల్లో ఆగాం.

మందుల విషయంలో ఒక గట్టి నియమం పెట్టుకున్నాను. మోతాదు ఏఐని అడగను. గ్రాములు లీటరుకా ఎకరానికా, ఎంత శాతం మందుకి, ఏ పంటకి అన్నది ఒక్క మాట అటూ ఇటూ అయినా నష్టం పైరుకూ మనకూ. మోతాదు, కోతకు ముందు ఆగాల్సిన రోజులు డబ్బా మీది లేబుల్‌లోనే చూస్తాను. కానీ లేబుల్ ఫోటో పెట్టి ‘ఇందులో పని చేసే అసలు మందు ఏది, ఏ గుంపుది’ అని అడగడం చాలా ఉపయోగపడింది. గుంపు అంటే ఒకే తీరులో పని చేసే మందులకు ఇచ్చే నంబరు. అజాక్సిస్ట్రోబిన్, పైరాక్లోస్ట్రోబిన్, ట్రైఫ్లాక్సిస్ట్రోబిన్ పేర్లు వేరైనా శిలీంధ్రనాశినుల్లో ఒకే 11వ గుంపు. పురుగు మందుల్లో క్లోరాంట్రానిలిప్రోల్, ఫ్లూబెండియమైడ్ రెండూ 28వ గుంపు. రంగు మారిందని, డబ్బా మారిందని మందు మార్చినట్టు కాదు. ఒకే గుంపు మళ్లీ మళ్లీ కొడితే తట్టుకున్న పురుగూ శిలీంధ్రమూ మిగిలి పెరుగుతాయి. నేను కొట్టిన మందుల చిట్టా మొత్తం పెట్టి, వరుసగా ఒకే గుంపు ఎక్కడ పడుతోందో చూడమన్నాను. ముందు అనుకున్న రెండు మందులు ఒకే గుంపువని తేలింది, ఒకటి మార్చాం. గుంపు నంబరు కూడా లేబుల్ మీద ఉంటే దానితో పోల్చుకునేవాళ్లం.

పురుగు కనిపించగానే మందు కొట్టకూడదన్నది కొత్త మాట కాదు. ఎంత సంఖ్య దాటితే మందు ఖర్చు కంటే నష్టం ఎక్కువవుతుందన్న ఆలోచనను స్టెర్న్, ఆయన తోటి శాస్త్రవేత్తలు 1959లోనే రాశారు. పసుపు జిగురు అట్టల ఫోటోలు పెట్టి తెల్లదోమల్ని లెక్కపెట్టమంటే, తక్కువున్నప్పుడు సరిగ్గా చెప్పింది, అట్ట నిండితే తడబడింది. అందుకని అట్టలో ఒక చిన్న చదరం గీసి దాన్నే లెక్కపెట్టించాం. అంకె కంటే అది వారం వారం ఎటు కదులుతోందన్నదే మాకు ముఖ్యం.

ఇప్పుడు ఆ బుడిపెల సంగతి. ఎండు తెగులు మొక్కల వేళ్ల మీద అమ్మ చూపించినవి వేరుబుడిపె నులిపురుగుల పని. ఆ పురుగులు వేరుకు చేసిన గాయాల్లోంచి బ్యాక్టీరియా సులువుగా లోపలికి వెళ్తుంది. ఫోటో యాప్‌కి గానీ ఉపగ్రహానికి గానీ ఇది కనిపించే దారే లేదు, నేల కింద జరిగే పని. వచ్చే పంటకు ఏం వేయాలన్నది ఇప్పుడు నా నోటుబుక్కులో పెద్ద ప్రశ్న. ఎండు తెగులు వచ్చిన మూలలో టమాటా, వంగ, మిరప, ఆలు ఏవీ వేయకూడదు. మొక్కజొన్న వేద్దామనుకున్నాం. పంట మార్పిడి గురించి చాట్‌బాట్‌ని అడిగేటప్పుడు నులిపురుగుల సంగతి కూడా రాశాను. బ్యాక్టీరియాకు మొక్కజొన్న మంచిదే గానీ, వేరుబుడిపె నులిపురుగుల్లో కొన్ని జాతులు మొక్కజొన్న మీద కూడా బతుకుతాయని చెప్పింది. ఇంకో చోట సరిచూశాను, నిజమే.

ఇక మిగతా పొలానికి నులిపురుగును తట్టుకునే టమాటా రకాలున్నాయి. కానీ వాటిలోని ఆ గుణం నేల ఉష్ణోగ్రత 28 డిగ్రీలు దాటితే తగ్గిపోతుంది. సోలానమ్ టార్వమ్ అనే అడవి వంగ జాతి వేరు మీద కట్టిన అంటు నారైతే ఎండు తెగులునీ నులిపురుగునీ కొంత ఓర్చుకుంటుంది, ఖర్చు ఎక్కువ. మూడో గడిలో ఇలా రాశాను: నులిపురుగులు ఆ మూలకే పరిమితమైతే మిగతా చోట మామూలు నారు, మూలలో మొక్కజొన్న బదులు బంతి; పొలమంతా ఉంటే మిగతా చోట అంటు నారు. దీనికి జవాబు మట్టిలోనే ఉంది. పొలాన్ని భాగాలుగా చేసి, వేళ్లున్న లోతు నుంచి మట్టీ వేర్లూ తీసి, తడి ఆరకుండా సంచుల్లో కట్టి పరీక్షకు పంపాం. రిపోర్టు నారు బుక్ చేయాల్సిన తేదీకి ముందే రావాలి. రెండో గడిలో ఆ తేదీ వేసి పెట్టుకున్నాను.